గన్‌పార్కు అమరవీరుల స్తూపం – చరిత్ర, సంప్రదాయం, మన బాధ్యత

మన హాస్టల్ విద్యార్థుల్లో ఆబిడ్స్, నాంపల్లి తెలియనివారు ఉండరు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లపై పాత పుస్తకాలు కొనడానికి వెళ్తాం. గ్రూప్స్ అప్లికేషన్ల పని మీద నాంపల్లిలోని పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసుకు వెళ్తాం. నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి పబ్లిక్ గార్డెన్స్ పక్కనుంచి నడిచి అసెంబ్లీ దగ్గర సిటీ బస్సు ఎక్కుతాం. ఆ అసెంబ్లీకి ఎదురుగా ఉన్న చిన్న తోట పేరు గన్‌పార్కు. తోటలో ఎర్రని స్తంభం, దాని తలపై తెల్లని పువ్వు కనిపిస్తాయి. అదే తెలంగాణ అమరవీరుల స్తూపం. టీవీలో దాన్ని వందసార్లు చూసి ఉంటాం. అక్కడ ఎవరో ఒకరు పూలదండ వేయడమో, ధర్నా చేయడమో, ప్రమాణం చేయడమో చూస్తూనే ఉన్నాం. అయితే ఆ రాయి ఎవరి కోసం నిలబడింది, దాని మీది గుర్తులకు అర్థం ఏమిటి అని అడిగితే మనలో చాలామంది జవాబు చెప్పలేరు. ఇళ్లలో మొదటి తరం చదువరులమైన మేము, మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ తెలుసుకోవలసిన సంగతులు కొన్ని కూర్చి ఈ వార్షికోత్సవ సంచికలో అందిస్తున్నాం.

సమాధి వేరు, స్మారకం వేరు

దేశం కోసమో, ప్రజల కోసమో ప్రాణమిచ్చినవారిని గుర్తుంచుకోవడానికి లోకంలో రెండు పద్ధతులున్నాయి. మృతదేహాలను ఒకచోట ఖననం చేసి ఆ స్థలాన్ని జాతి మొత్తం కాపాడుకోవడం మొదటిది. అమెరికాలో 1864లో ఏర్పడిన ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటిక ఇలాంటిది. దేహం ఎక్కడున్నా, అసలు దొరకకపోయినా, గుర్తుగా ఒక కట్టడం నిలపడం రెండవది. ఢిల్లీలోని ఇండియా గేట్ ఈ కోవలోకి వస్తుంది. 1921లో పునాది వేసి 1931లో ఆవిష్కరించిన ఆ కట్టడం కింద ఏ సైనికుడూ లేడు. గోడల మీద మాత్రం 13 వేలకు పైగా పేర్లున్నాయి. మన గన్‌పార్కు స్తూపం కూడా రెండవ రకానిదే. దాని కింద సమాధులు లేవు.

మన తెలుగు నేలకు ఇది కొత్త ఆచారం కాదు. పోరులో పడినవారికి, పశువులను కాపాడబోయి చనిపోయినవారికి ఊరి పొలిమేరల్లో వీరగల్లులు నిలిపారు. పల్నాడు జిల్లా కారంపూడిలో వీరుల గుడి ఉంది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో మరణించినవారికి ఏటా కార్తీక మాసంలో అక్కడ ఉత్సవం చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు సాగుతుంది. వీరుల ఆయుధాలకు పూజ చేస్తారు. కులభేదం లేకుండా కలిసి తినే చాపకూడు ఉంటుంది. బ్రహ్మనాయుడి సేనాని మాల కన్నమదాసు పేరు ఈ రోజుకీ నిలిచింది. దానికి కారణం రాయి ఒక్కటే కాదు. వీరగాథను తరతరాలుగా పాడుతూ వచ్చిన వీరవిద్యావంతులు కూడా కారణం. పాడేవారు ఉన్నంతకాలం పేరు ఉంటుంది. ఈ మాటను గుర్తుంచుకుందాం, వ్యాసం చివర దీనితో మనకు పనుంది.

నాంపల్లి చుట్టూ సైనికుల గుర్తులు

నాంపల్లికీ సైనికులకూ సంబంధం చాలా పాతది. నాంపల్లిలో రోజూ వేలమంది దర్శించే యూసుఫైన్ దర్గా ఇద్దరు సూఫీలది. సయ్యద్ షా యూసుఫుద్దీన్, సయ్యద్ షా షరీఫుద్దీన్ ఔరంగజేబు సైన్యంలో సిపాయిలుగా గోల్కొండ ముట్టడికి (1687) వచ్చారని చెబుతారు. ఒక రాత్రి గాలివానకు సైన్యం గుడారాలన్నీ కూలిపోయినా, వారిద్దరూ ఖురాన్ చదువుకుంటున్న గుడారంలో దీపం మాత్రం ఆరలేదని జనంలో ఉన్న కథ. దాడికి వచ్చిన సైన్యంలోని ఇద్దరిని అన్ని మతాల వారూ మొక్కుకునే పెద్దలుగా ఈ నగరం నిలుపుకుంది.

నాంపల్లికి దగ్గరలోని ఏసీ గార్డ్స్ పేరు విన్నప్పుడు అది ఏ కంపెనీ పేరో అనుకుంటాం. అసలు పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో పనిచేసిన సిద్దీల గుర్రపు దళం ఉన్న చోటు అది. పక్కనే ఉన్న ఫస్ట్ లాన్సర్ కూడా సైనిక దళం పేరే. ఆ సిపాయిల స్తూపాలు మనకు కనిపించవు గానీ, బస్తీల పేర్లలో వారు మిగిలారు.

ఆబిడ్స్ దాటి కోఠీకి వస్తే తుర్రెబాజ్ ఖాన్ స్మారకం ఉంది. 1857 జులై 17న ఆయన, మౌల్వీ అల్లావుద్దీన్ ముందుండి బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. మౌల్వీని అండమాన్‌కు పంపారు, ఆయన అక్కడే చనిపోయారు. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో కాల్చి చంపి, జనం భయపడాలని శవాన్ని నగరంలో వేలాడదీశారు. సమాధికి కూడా నోచుకోని మనిషికి దేశం స్వతంత్రమయ్యాక స్మారకం దక్కింది.

ఇక ఆబిడ్స్, నాంపల్లిలను ఆనుకునే గోషామహల్ పోలీస్ స్టేడియం ఉంది. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సేనల కాల్పుల్లో పదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. వారి జ్ఞాపకార్థం దేశమంతటా అక్టోబరు 21ని పోలీసు అమరుల సంస్మరణ దినంగా పాటిస్తారు. హైదరాబాద్‌లో ఈ కార్యక్రమం ఏళ్ల తరబడి గోషామహల్‌లో జరుగుతూ వచ్చింది. (2025 జనవరిలో ఈ స్టేడియం స్థలంలోనే ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది.) కవాతు జరిగాక ‘శోక్ శస్త్ర్’ అనే ఆజ్ఞ ఇస్తారు. జవాన్లు తుపాకులను తలకిందులుగా పట్టుకుని తలవంచుతారు. బ్యూగిల్ మీద ‘లాస్ట్ పోస్ట్’ వాయిస్తారు. ఆ ఏడాది దేశంలో విధి నిర్వహణలో చనిపోయిన పోలీసుల పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదువుతారు. ఈ పేర్లు చదవడం అనే ఆచారాన్ని ప్రత్యేకంగా గమనించాలని మనవి.

1969లో ఏం జరిగింది

1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. అదే ఏడాది నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. స్థానికులకు ఉద్యోగాల్లో రక్షణ కల్పించే ముల్కీ నిబంధనలు, తెలంగాణ మిగులు నిధులను తెలంగాణలోనే ఖర్చుపెట్టడం వంటి హామీలు అమలు కావడం లేదని అసంతృప్తి పెరుగుతూ వచ్చింది. 1969 జనవరిలో అది బయటపడింది. పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల విషయంలో మొదలైన ఆందోళన ఖమ్మంలో విద్యార్థుల నిరాహారదీక్షగా మారి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరి, కొద్ది రోజుల్లోనే జిల్లాలన్నిటికీ పాకింది.

1969 జనవరి 24న అప్పటి మెదక్ జిల్లా సదాశివపేటలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ కాల్పులకు బలైన శంకర్‌ను ఉద్యమంలో తొలి అమరుడిగా చెప్పుకుంటారు. మే 1న నిషేధాన్ని లెక్కచేయకుండా చార్మినార్ నుంచి రాజ్‌భవన్‌కు బయలుదేరిన ఊరేగింపు మీద కాల్పులు జరిగి మరికొందరు నేలకొరిగారు. కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. లక్షలాది విద్యార్థులు చదువు నష్టపోయారు. ఉద్యమంలో చనిపోయినవారు 369 మంది అని ఉద్యమ సంస్థలు చెబుతూ వచ్చాయి. ప్రభుత్వ లెక్క దీనికంటే తక్కువ. ఏ లెక్క తీసుకున్నా వారిలో ఎక్కువమంది మన వయసు వాళ్లు, విద్యార్థులు.

1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి ఈ ప్రాంతంలోని 14 స్థానాల్లో 10 గెలిచినా రాష్ట్రం రాలేదు. 1972లో కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. అక్కడా కాల్పులు జరిగాయి, అక్కడా విద్యార్థులు చనిపోయారు. ఏ ప్రాంతపు తల్లికైనా కడుపుకోత ఒకటేనని మనం మరువరాదు.

స్తూపాన్ని చదవడం ఎలా

చనిపోయినవారి గుర్తుగా స్తూపం కట్టాలని 1970లో పునాది వేశారు. సికింద్రాబాద్‌లో క్లాక్ టవర్ తోటలో కూడా అమరుల స్మారకం ఉంది. గన్‌పార్కు స్తూపం 1975 నాటికి పూర్తయింది. దీన్ని రూపొందించిన శిల్పి ఎక్కా యాదగిరిరావు. ఆయన హైదరాబాద్ వారు, జేఎన్‌టీయూ ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో పాఠాలు చెప్పారు. 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం సత్కారం ప్రకటించిన తొమ్మిదిమంది కవులు, కళాకారుల్లో ఆయన పేరూ ఉంది.

స్తూపాన్ని కింది నుంచి పైకి చూడాలి. అడుగున నల్లరాయి. దాని నాలుగు వైపులా తొమ్మిదేసి చిన్న గుంతలు చెక్కారు. అవి తుపాకీ గుళ్లు తగిలిన గాయాలకు గుర్తు. దాని పైన సాంచీ స్తూపం నుంచి తీసుకున్న తోరణం రూపం. నడుమ నిలబడిన స్తంభానికి ప్రతి వైపూ తొమ్మిది గీతలు. ఎరుపు రంగు త్యాగానికి చిహ్నం. స్తంభం పైభాగాన అశోకుని ధర్మచక్రం. అన్నిటికన్నా పైన తొమ్మిది రేకుల తెల్లని పువ్వు.

అన్నీ తొమ్మిదే ఎందుకు? హైదరాబాద్, మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం, నల్లగొండ, మహబూబ్‌నగర్ – ఆనాటికి తెలంగాణలో ఉన్న జిల్లాలు తొమ్మిదే. రంగారెడ్డి జిల్లా 1978లో గానీ రాలేదు. మన చిన్నప్పటి పాఠాల్లో తెలంగాణ పది జిల్లాలు, ఇప్పుడు 33. పోటీ పరీక్షలకు చదువుతున్నవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. స్తూపం ఏ కాలానిదో దాని రేకులు లెక్కపెట్టి చెప్పవచ్చు.

ఇంకో విశేషం కూడా ఉంది. చాలా దేశాల్లో వీరుల స్మారకాల మీద తుపాకీ, కత్తి, శిరస్త్రాణం కనిపిస్తాయి. మన స్తూపం ఉన్న తోట పేరులో ‘గన్’ ఉంది గానీ, స్తూపం మీద ఆయుధం లేదు. ఉన్నవి గాయం, ధర్మచక్రం, పువ్వు. చేతిలో ఆయుధం లేకుండా చనిపోయిన పిల్లలకు తగిన గుర్తులివి.

నిలిచిన ఆచారాలు

సైనిక శ్మశానవాటికల్లో ఆచారాలను కచ్చితంగా పాటిస్తారు. ఆర్లింగ్టన్‌లో 1921లో ఖననం చేసిన ‘గుర్తు తెలియని సైనికుడి’ సమాధి దగ్గర 1937 నుంచి రాత్రింబవళ్లు కాపలా ఉంది. కాపలా సైనికుడు 21 అడుగులు నడిచి, 21 క్షణాలు ఆగి, మళ్లీ 21 అడుగులు నడుస్తాడు. ఢిల్లీలో 1972 జనవరి 26 నుంచి ఇండియా గేట్ కింద వెలిగిన అమర జవాన్ జ్యోతిని 2022 జనవరి 21న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపారు. మనం సభల్లో పాటించే రెండు నిమిషాల మౌనం కూడా మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదికి, 1919 నవంబరు 11న బ్రిటన్ సామ్రాజ్యమంతటా పాటించిన మౌనం నుంచి వచ్చిందే.

గన్‌పార్కు ఆచారాలను ఏ సైన్యమూ రాయలేదు, జనమే ఏర్పరిచారు. ఉద్యమకాలంలో ఊరేగింపు ఇక్కడ మొదలయ్యేది, లేదా ఇక్కడికి వచ్చి ముగిసేది. ఎమ్మెల్యేలు దండం పెట్టి అసెంబ్లీలోకి వెళ్లడం, సభలో మాట్లాడనివ్వకపోతే వచ్చి ఇక్కడ కూర్చోవడం అలవాటైంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన ఉదయం కె. చంద్రశేఖర్ రావు ముందుగా ఇక్కడ నివాళులర్పించారు. అప్పటినుంచి రాష్ట్ర అవతరణ దినాన ముఖ్యమంత్రి గన్‌పార్కులో పుష్పగుచ్ఛం ఉంచిన తర్వాతే పతాకావిష్కరణకు వెళ్లడం సంప్రదాయంగా మారింది. అధికారంలో ఉన్నవారూ ప్రతిపక్షంలో ఉన్నవారూ కూడా తలవంచే చోటు అది.

మలిదశ ఉద్యమంలో ప్రాణాలు పోయినవారి స్మృతికి హుస్సేన్‌సాగర్ ఒడ్డున దీపం ఆకారంలో కట్టిన కొత్త అమరుల స్మారకాన్ని 2023 జూన్ 22న ప్రారంభించారు. ఆ రోజుల్లో ఆత్మబలిదానం చేసుకున్నవారిలో మనలాంటి పేద ఇళ్ల పిల్లలు ఎందరో ఉన్నారు. వారిని గౌరవిద్దాం. కానీ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, చావు దారి కాదు. వారు బతికి ఉంటే ఈ రాష్ట్రానికి ఇంకా ఎక్కువ మేలు జరిగేది.

పేర్లు ఎక్కడ?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. గన్‌పార్కు స్తూపం తొమ్మిది జిల్లాల గురించి చెబుతుంది. చనిపోయిన ఒక్కొక్కరి పేరూ చదువుకునే వీలు దానిపై లేదు. 369 అని సంఖ్యను అందరం చెబుతాం. అందులో పది పేర్లు చెప్పమంటే తడబడతాం.

పేరుదేముంది అని కొందరు అనవచ్చు. పేరులో చాలా ఉందని చరిత్ర చెబుతోంది. ఆర్లింగ్టన్‌లో తొలినాళ్లలో నల్లజాతి సైనికులను వేరుగా 27వ సెక్షన్‌లో పూడ్చారు. బానిసత్వం నుంచి బయటపడి అక్కడ చనిపోయిన మామూలు జనం రాళ్ల మీద ‘సిటిజన్’, ‘సివిలియన్’ అని చెక్కారు. చనిపోయాక కూడా సాగిన ఆ వేర్పాటు 1948లో గానీ పోలేదు. 1917లో ఏర్పడిన బ్రిటిష్ యుద్ధ సమాధుల సంస్థ హోదా, జాతి, మతం చూడకుండా అందరికీ ఒకే గౌరవం అనే నియమం పెట్టుకుంది. అయినా ఆఫ్రికా, ఆసియా సైనికుల్లో కనీసం లక్షా 16 వేల మందికి పేరుతో స్మారకం దక్కలేదని ఆ సంస్థే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఊళ్లో శ్మశానం కూడా వేరుగా ఉన్న మన వాడల పిల్లలకు ఈ సంగతిని విడమరచి చెప్పనక్కరలేదు.

దీనికి ఎదురుగా ఇంకో ఉదాహరణ ఉంది. మహారాష్ట్రలోని కోరేగావ్‌లో 1818 జనవరి 1 నాటి యుద్ధానికి గుర్తుగా స్తంభం ఉంది. దాని మీద చెక్కిన 49 పేర్లలో 22 మహర్ సైనికులవి. ఆ స్తంభాన్ని కట్టించింది కంపెనీ ప్రభుత్వం, తన విజయం చాటుకోవడానికి. కానీ పేర్లున్నాయి కాబట్టి, 1927 జనవరి 1న బాబాసాహెబ్ అంబేద్కర్ అక్కడికి వెళ్లి తన జనానికి వారి పూర్వీకులను చూపించగలిగారు. పేర్లు లేకపోతే అది ఎవరి రాయో ఎవరికి తెలిసేది? ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా పేర్లు గ్రానైట్ పలకల మీద ఉన్నాయి. అక్కడికి వెళ్లిన కుటుంబం తమవారి పేరును వేలితో తాకి చూసుకోవచ్చు.

మన వంతు ఏమిటి

మిత్రులారా, పెద్ద కట్టడాలు కట్టడం ప్రభుత్వాల పని. పేర్లు వెతకడానికి మాత్రం కోట్లు అక్కర్లేదు. మా సూచనలు ఇవి.

ఒకటి, మన హాస్టల్‌లో ఇరవై ముప్పై ఊళ్ల పిల్లలున్నారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ తాతలను, పెద్దనాన్నలను 1969 గురించి అడగండి. మీ ఊరిలో, పక్క ఊరిలో కాల్పుల్లో పోయినవారు, జైలుకు పోయినవారు ఎవరైనా ఉంటే పేరు, ఊరు, చదువు, తేదీ నోట్‌బుక్‌లో రాసుకోండి. చెప్పినవారి పేరూ రాయండి. ఆ తరం ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటింది. ఇంకో పదేళ్లు ఆగితే అడగడానికి మనుషులు ఉండరు.

రెండు, నగరంలో చదువుతున్న సీనియర్లు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో, తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో పాత పత్రికలు చూసి ఆ వివరాలను సరిపోల్చాలి. విన్నది, పత్రికలో ఉన్నది రెండూ కలిస్తేనే రాసుకుందాం. లేని పేరు చేర్చడం కూడా ఉన్న పేరు మరవడమంత తప్పే.

మూడు, జూన్ 2 నాటికి మన హాస్టళ్లు వేసవి సెలవుల్లో ఉంటాయి. అందుకని జనవరి 24న గానీ, మన వార్షికోత్సవం రోజున గానీ, దొరికిన పేర్లను ఒక్కొక్కటిగా చదువుదాం. రోజూ రాత్రి వార్డెన్ సారు హాజరు పట్టీ తీసి పేరు పిలిస్తే ‘ప్రెజెంట్ సార్’ అంటాం. మన పేరు పట్టీలో ఉంది కాబట్టే మనకు అన్నం, మంచం, పుస్తకం అందుతున్నాయి. పట్టీలో పేరు లేకపోవడం అంటే ఏమిటో మనకంటే బాగా ఎవరికి తెలుసు? చనిపోయిన ఆ విద్యార్థుల పేర్లు కూడా ఏడాదికి ఒక్క రాత్రి మన హాలులో పిలుద్దాం. జవాబుగా అందరం లేచి నిలబడదాం.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా విన్నపం ఒక్కటే. మీలో 1969ని కళ్లారా చూసినవారు ఉంటే, మీకు గుర్తున్న పేర్లు, ఊళ్లు ఒక కాగితం మీద రాసి హాస్టల్ చిరునామాకు పంపండి. వచ్చే సంచికలో ఆ పేర్లకు ఒక పేజీ కేటాయించాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాం.